పొట్టులో మిగిలిన తిండి

మా క్యాంటీన్‌లో ఎలుకల గది వాళ్లకు విడిగా ఒక బల్ల ఉండేది. చేతులు కడుక్కునే కుళాయిల పక్కన, ఫ్యాన్ గాలి తగలని మూలలో. అక్కడే కూర్చోవాలని మాకు ఎవరూ చెప్పలేదు. కానీ మేము వేరే బల్ల దగ్గర కూర్చుంటే పక్కవాళ్లు ప్లేటు పట్టుకుని లేచిపోయేవాళ్లు. నిజానికి మేము రోజుకు రెండుసార్లు స్నానం చేసేవాళ్లం, గదిలోకి వెళ్లేముందు ఒకసారి, బయటికి వచ్చాక ఒకసారి. ఆ కంపెనీలో మాకంటే శుభ్రమైన మనుషులు లేరు. అయినా లేచిపోయేవాళ్లు. లేచిన ప్రతి ఒక్కరి ముఖం నాకు గుర్తుంది. అందులో ఒకాయన మొన్న అల్వాల్‌లో కూరగాయల దగ్గర కనిపించి, బాగున్నారా అని అడిగాడు. బాగున్నానని చెప్పి టమాటాలు ఏరుకున్నాను.

ఇలాంటివి నా దగ్గర చాలా ఉన్నాయి. కంపెనీ బస్సులో నా సీటులో స్టోర్స్ గుమాస్తా టిఫిన్ డబ్బా పెట్టి నన్ను నిలబెట్టిన రోజు, గుర్తింపు కార్డు మీద సీనియర్ అటెండెంట్ అని రాయమంటే మూడేళ్లు హెల్పర్ అనే ఉంచిన సంగతి, అన్నీ చెప్పగలను. చేతి తొడుగుల సైజు గురించి, పొట్టులో దుమ్ము గురించి, ఏసీ గాలి గురించి నేను రాసిన అర్జీలు ఒక సంచి నిండా ఉంటాయి. ఒక్కటీ అబద్ధం కాదు.

ఈరోజు రాస్తున్నది మాత్రం నా ఫిర్యాదు కాదు. ఇంకొకరికి నా మీద ఉండాల్సిన ఫిర్యాదు. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల కాలేజీల్లో ఫార్మసీ చదివి, రేపోమాపో ఇలాంటి గదుల్లో అడుగుపెట్టబోయే పిల్లలు చదవాలని రాస్తున్నాను. పెద్ద సార్లు చదివినా నాకు అభ్యంతరం లేదు.

మా కంపెనీ శామీర్‌పేట దాటాక కరీంనగర్ రోడ్డు నుంచి లోపలికి ఉండేది. మందులను మనుషులకు ఇచ్చే ముందు జంతువుల మీద పరీక్షించి పెట్టే పని. నేను మచ్చ బొల్లారం నుంచి వెళ్లేవాణ్ని. నాతోపాటు మేడ్చల్ నుంచి ఇంకో అటెండెంట్ వచ్చేవాడు. మా ఇద్దరి చేతుల్లోనే ఎలుకల గది మొత్తం నడిచేది. తిండి పెట్టడం, నీళ్ల సీసాలు మార్చడం, అవి ఉండే బోన్లు, మా మాటలో కేజీలు, కడగడం, తూకాలు వేయడం, చివరికి చంపాల్సి వచ్చినప్పుడు చంపడం.

ఆ ఏడాది వచ్చిన పని ఊబకాయం మీద. మనిషికి ఒళ్లు వచ్చి, ఆ ఒళ్లుతోపాటు షుగర్ వచ్చే దారి ఎలుకకూ దాదాపు అదే. అందుకే ఎలుకకు కొవ్వు తిండి పెట్టి లావెక్కిస్తారు. లావెక్కిన దాని షుగర్ పెరిగాక మందు ఇచ్చి, తగ్గుతుందా లేదా అని చూస్తారు. మా దగ్గర మూడు గుంపులు. ఒక గుంపుకు మామూలు తిండి. రెండో గుంపుకు కొవ్వు తిండి. మూడో గుంపుకు కొవ్వు తిండితోపాటు మందు. వారాలు గడిచేకొద్దీ కొవ్వు తిండి ఎలుకలు కూర్చున్నచోట పరుచుకుపోయేవి. వాటి బొచ్చు కూడా నూనె రాసినట్టు మెరిసేది. పొద్దున కాలనీ రోడ్డు మీద నడకకు వచ్చే మా పెన్షన్ బ్యాచ్‌ని చూస్తే ఇప్పటికీ నాకు అవే గుర్తొస్తాయి, నేనూ అందులో ఒకణ్నే.

ఈ పనికోసం ఒక అమ్మాయిని తీసుకున్నారు. అలియాబాద్ పిల్ల. ఎం.ఫార్మసీ చేసి వచ్చింది. రెండేళ్ల కాంట్రాక్టు. ఈ మందు పనిచేస్తుందని తేలితే ఉద్యోగం పర్మినెంట్ చేస్తామని, పీహెచ్‌డీకి కూడా కంపెనీ తరఫునే పంపుతామని చెప్పారట. ఇంట్లో మొదట చదువుకున్నది ఆమేనని, తల్లికి చాలాకాలంగా షుగర్ ఉందని వచ్చిన వారంలోనే నాకు చెప్పింది.

మొదటి రోజే ఎలుక కరిచింది. వేలు పట్టుకుని బయటికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. కళ్లలో నీళ్లున్నాయి గానీ ఏడవలేదు.

"గట్టిగ పట్టుకుంటే దానికి భయమైతది బిడ్డా. వదులుగ పట్టుకుంటే ఇంకింత భయమైతది" అన్నాను.

"మరెట్ల పట్టాలె అన్నా?"

"నీకు భయం లేదని దానికి తెల్వాలె. చెయ్యి గట్లనే పెట్టు, అదే వచ్చి కూసుంటది."

నెల తిరగకముందే ఆమె నాకంటే బాగా పట్టడం నేర్చుకుంది. ఇది పొగడ్త కోసం రాయడం లేదు. నేను ఎవరినీ ఊరికే పొగడను. ఆ అమ్మాయి చేయి కేజీలోకి వెళ్తే ఎలుకలు మూలకు పారిపోయేవి కావు. తోక చివర సూదితో గుచ్చి రక్తపు చుక్క తీసేటప్పుడు కూడా చాలావాటికి మీసం కదిలేది కాదు. మా మేడ్చల్ జోడీ అనేవాడు, "గీ మేడమ్ చేతిల ఏమన్న అత్తరు ఉందా ఏంది, నన్ను చూస్తే ఒక్కటి గూడ గిట్ల కూసోదు" అని.

ఇంకో సంగతి. సైంటిస్టుల్లో మా మూల బల్ల దగ్గర కూర్చుని అన్నం తిన్నది ఆమె ఒక్కతే. ఎవరో వద్దని చెబితే, "ఆడ్నే సల్లగుంటది" అని అబద్ధం చెప్పి వచ్చి కూర్చుంది. వాళ్లమ్మ చేసిన మక్క గారెలు డబ్బా మూత మీద పెట్టి మా ఇద్దరికీ ఇచ్చేది. అందుకే తరువాత జరిగింది నాకు అంత తగిలింది.

ఇక్కడ పని గురించి కొంచెం చెప్పాలి. షుగర్ పరీక్ష చేయాలంటే ఎలుక ముందురోజు సాయంత్రం నుంచి ఏమీ తినకుండా ఉండాలి. మనకు ఆసుపత్రిలో పరగడుపున రమ్మన్నట్టే. పొద్దున రక్తం చూసి, గ్లూకోజ్ నీళ్లు పట్టి, అరగంటకోసారి మళ్లీ చూస్తారు. పని ఎలా చేయాలో చెప్పే ప్రోటోకాల్ పేపర్ మీద రాసి ఉన్నది ఒకటే మాట. సాయంత్రం అయిదింటికి తిండి గిన్నె తీసేయాలి.

మామూలు తిండి అయితే అది చాలు. అవి గట్టి బిళ్లలు. కొరికితే చప్పుడు వస్తుంది, రాలేది తక్కువ. కొవ్వు తిండి అలా కాదు. మెత్తగా, జిడ్డుగా ఉంటుంది. ఎలుక ముందుకాళ్లతో పట్టుకుని కొరుకుతుంటే సగం పొడిపొడిగా కింద పడుతుంది. కేజీలో పరుపుగా వేసేది మొక్కజొన్న బెండ్లు నూరిన పొట్టు. ఆ పొట్టులో ఈ పొడి కలిసిపోతే మన కంటికి కనిపించదు, ఎలుక ముక్కుకు దొరుకుతుంది. గిన్నె తీసేసినా రాత్రంతా తవ్వుకుని తింటుంది. పొద్దున దాని కడుపు ఖాళీ అని మనం అనుకుంటాం.

ఇది నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. పాత పనుల్లో ఒకసారి, ఉపవాసం ఉన్న ఎలుకను ఎత్తితే మూతి జిడ్డుగా తగిలింది. అప్పుడు తెలిసింది. ఆ తరువాత నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. వారానికోసారి కేజీలు మార్చడం ఎలాగూ ఉంటుంది. ఆ రోజును పరీక్ష ముందటి సాయంత్రానికి జరిపేవాణ్ని. గిన్నె తీయడం, ఎలుకను కొత్త పొట్టు వేసిన కడిగిన కేజీలోకి మార్చడం ఒకేసారి అయిపోయేవి. రిజిస్టర్‌లో "కేజీలు మార్చడమైనది" అని రాస్తే చాలు. ఆ వారంలో ఏ రోజున మార్చినా ఎవరూ అడగరు. మా జోడీకి తెలుసు, నాకు తెలుసు. మూడో మనిషికి తెలియదు.

మొదటి షుగర్ పరీక్ష అలాగే చేశాం. అంకెలు బ్రహ్మాండంగా వచ్చాయి. మందు తీసుకున్న గుంపులో షుగర్ దిగుతున్నట్టు అప్పుడే కనిపించింది. ఆ అమ్మాయి కాయితాలు పట్టుకుని మా గది దాకా పరుగెత్తుకొచ్చింది. లోపలికి రావడానికి స్నానం చేయాలి కదా, అద్దం బయట నిలబడి కాయితం అద్దానికి ఆనించి చూపించింది. నాకు ఆ గీతలు అర్థం కాలేదు. ఆమె ముఖం మాత్రం అర్థమైంది. నా పద్ధతి గురించి అప్పుడే చెప్పి ఉంటే బాగుండేది. వాళ్లు అడుగుతారులే, అప్పుడు చెబుదాం అనుకున్నాను. అడగాలని నాకు ఉండేది.

రెండో పరీక్ష అసలుది. దాన్ని బట్టే మందును ముందుకు తీసుకెళ్లాలా, వద్దా అని తేలుస్తారు. దానికి వారం ముందు మీటింగ్ పెట్టారు. అటెండెంట్లను కూడా పిలవాలని ఆడిట్ వాళ్లు ఏదో రాసి వెళ్లారట, అందుకని మమ్మల్ని కూడా పిలిచారు. మంగళవారం, పదకొండున్నర. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను.

మా విభాగానికి పెద్ద సారు కోస్తా ఆయన. తెలివైనవాడే, కాదనను. అంతా అయ్యాక మర్యాదకు, "ఎవరికైనా సూచనలుంటే చెప్పండి" అన్నారు. నేను లేచి నిలబడ్డాను.

"సార్, తిండి తీసేటప్పుడు పొట్టు..."

"వచ్చిందండీ పొట్టు!" అన్నారు ఆయన. "దుమ్మా, తడా ఈసారి? పొట్టు సంగతి స్టోర్స్ వాళ్లకి చెప్పవయ్యా. ఇక్కడ సైన్స్ మాట్లాడుకుంటున్నాం."

"గట్ల కాదు సార్, ఎలుకలు పొట్టుల..."

"ఎలుకలు నీతో చెప్పాయా?" అన్నారు. "అంటే వాటి భాష కూడా వచ్చేసిందన్నమాట నీకు. ఇంకేం, వాటి తరఫున కూడా ఒక అర్జీ రాసిపెట్టు, సంతకం పెట్టేస్తాను."

గదంతా నవ్వింది. నా వంద ఫిర్యాదుల తరువాత ఇది నూటొకటోది అనుకున్నారు. అనుకోవడానికి నేను కారణం ఇవ్వలేదని అనను. కానీ నవ్వినవాళ్లలో ఆ అమ్మాయి కూడా ఉంది. నోటికి చేయి అడ్డం పెట్టుకుని, తల వంచుకుని నవ్వింది. నేను చూశాను.

"రాసింది రాసినట్టు చేయవయ్యా, చాలు. ఆలోచించడానికి మేమున్నాంగా" అన్నారు సారు.

కూర్చున్నాను. సమోసాలు వచ్చాయి. నేను ముట్టలేదు.

బస్సులో తిరిగి వస్తుంటే మా జోడీ అన్నాడు, "పోనీ తియ్యన్నా. నీ ముక్కు మీద కోపానికి గూడ ఒక ఐడీ కార్డు చేపియ్యాలె. రేపు మేడమ్‌కు చెప్పుదాం, పేపర్ల రాపిస్తది."

"నవ్విన మేడమ్‌కా?"

"గామె నవ్విందని నాకు తెల్వనే తెల్వదు."

"నాకు తెలుసు. ఇగ రాసిందే చేద్దాం. ఒక్క అక్షరం ఎక్కువ లేదు, తక్కువ లేదు. నువ్వు నోరు తెరిస్తే నాతోని మాట్లాడకు."

వాడు చిన్నవాడు, నా మాట కాదనలేదు. గోడకు అంటించిన టైమ్ టేబుల్‌లో కేజీలు మార్చే రోజు సోమవారం అని ఉంది. కాబట్టి పరీక్ష ఉన్న వారం కూడా సోమవారమే మార్చాం. పరీక్ష శుక్రవారం. గురువారం సాయంత్రం సరిగ్గా అయిదింటికి గిన్నెలు తీసి, టైము రాసి, సంతకం పెట్టాను. మూడు రోజుల కొవ్వు తిండి పొడి పొట్టులో ఉంది. నాకు తెలుసు. తలుపు వేసి బస్సెక్కాను.

శుక్రవారం ఏడున్నరకే ఆమె వచ్చింది. నేను కేజీలు ఒక్కొక్కటే దించి బల్ల మీద పెడుతుంటే ఆమె రక్తం చూస్తోంది. మామూలు తిండి గుంపు సవ్యంగానే వచ్చింది. కొవ్వు తిండి కేజీలు మొదలయ్యాక అంకెలు చెదిరిపోయాయి. ఒక ఎలుకకు తక్కువ, దాని పక్కదానికి మరీ ఎక్కువ, తరువాతది మధ్యలో. మందు తీసుకున్నవాటిలోనూ అంతే. ఆమె మీటరు మార్చింది. స్ట్రిప్పుల డబ్బా కొత్తది తెరిచింది. తన వేలే గుచ్చుకుని తన షుగర్ చూసుకుంది. మీటరు బాగానే ఉంది.

"అన్నా, నిన్న తిండి తీసిండ్రు గద?"

"తీసిన. టైమ్ రాసి సంతకం గూడ పెట్టిన."

"అన్ని కేజీలల్ల తీసిండ్రా? ఒక్కటన్న మర్సిపోయిండ్రా?"

"పేపర్ల ఎట్లుంటె గట్లనే చేసిన మేడమ్."

నేను ఆమెను అంతకుముందు ఎప్పుడూ ఎదురుగా మేడమ్ అని పిలవలేదు. ఆమె తల తిప్పి నావైపు చూసింది. కళ్లు తప్ప ముఖమంతా మాస్కు. ఆ కళ్లలో ఏదో అడగబోయినట్టు కనిపించింది. నేను తరువాతి కేజీ దించాను.

ఆమె వెనక రాక్ మీద మూడో వరుసలో ఒక ఎలుక పొట్టు తవ్వుతోంది. తవ్వి, ఏదో తీసి, రెండు చేతులతో పట్టుకుని, నిలబడి తింటోంది. ఆమె వీపు అటు ఉంది. నా ముఖం అటే ఉంది. చేయి చాపి చూపించి ఉంటే సరిపోయేది, నోరు తెరవాల్సిన అవసరం కూడా లేదు. కేజీలు మార్చి, మూడు రోజులాగి, మళ్లీ పరీక్ష పెట్టుకునేవాళ్లు. నేను చూస్తూ నిలబడ్డాను. అది తినడం అయిపోయింది. మూతి తుడుచుకుంది.

ఆమె అన్ని ఎలుకలూ పూర్తి చేసేసరికి మధ్యాహ్నం దాటింది. చివరిదాకా ఒక్క ఎలుకను కూడా కంగారుగా పట్టలేదు.

మరుసటి వారం పెద్ద సారు గదికి రిజిస్టర్లు తెమ్మని కబురొచ్చింది. తీసుకెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను. ఆ అమ్మాయి సారు బల్లకు ఇటువైపు నిలబడి ఉంది. కూర్చోమనలేదు.

"హ్యాండ్లింగ్ లోపం అమ్మా ఇది" అంటున్నారు సారు. "పెద్ద పరీక్ష అని టెన్షన్ పడి ఉంటావు. నీ చేతులు వణికితే ఎలుక బెదురుతుంది. బెదిరితే షుగర్ పెరుగుతుంది. అది నీకు నేను చెప్పాలా?"

"నా చేతులు వణకలేదు సార్."

"మరి ఈ అంకెలేంటి? మీటర్ బాగానే ఉందని నువ్వే రాశావు." ఆయన నావైపు తిరిగారు. "నువ్వున్నావుగా అక్కడ. ప్రోటోకాల్ ప్రకారమే చేశావా?"

"ప్రకారమే చేసిన సార్. రాసిందే చేసిన."

రిజిస్టర్ తిప్పి చూశారు. సోమవారం కేజీలు మార్చిన సంతకం, గురువారం అయిదింటికి గిన్నెలు తీసిన సంతకం. "చూడమ్మా, రికార్డు ఎంత శుభ్రంగా ఉందో" అన్నారు. నా సర్వీసు మొత్తంలో ఆయన నోటినుంచి నాకు వచ్చిన మెచ్చుకోలు అదొక్కటే. నాకు సంతోషం కలిగింది. సిగ్గుగా ఉన్నా రాస్తున్నాను, ఆ క్షణాన నిజంగానే సంతోషం కలిగింది.

ఆమె నన్ను చూడలేదు. తన చేతులు చూసుకుంది.

మందు పనిచేస్తోందని చెప్పడానికి ఆధారం చాలదని తేల్చారు. మళ్లీ చేయడానికి మందు పంపినవాళ్లు ఒప్పుకోలేదు. పని మూసేశారు. మూసేస్తే ఎలుకలను ఉంచరు. ఆ రోజు నేనూ మా జోడీ గ్యాస్ పెట్టెలో ఒక్కొక్కటే పెట్టాం. అలాంటిది చాలాసార్లు చేశాను. చేసిన ప్రతిసారీ, దేనికో ఒకదానికి పనికొచ్చాయిలే అని మనసుకు చెప్పుకునేవాణ్ని. ఆ రోజు ఆ మాట అనుకోవడానికి లేకపోయింది. నన్ను అవమానించినవాళ్ల జాబితా నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది. అందులో ఎలుక ఒక్కటి కూడా లేదు.

"అన్నా, ఇప్పుడన్న చెప్పుదామా?" అన్నాడు జోడీ, సంచి మూతి కడుతూ.

"ఏం చెప్తవ్? తెలిసి ఊకున్నమని చెప్తవా? ఇద్దరి నౌకరీ పోతది."

అప్పటికి అది కోపం కాదు, భయం. కానీ పైకి రెండూ ఒకలాగే కనిపిస్తాయి కాబట్టి కోపమనే అనుకున్నాను.

ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు. చివరిరోజు మా బల్ల దగ్గరికి వచ్చింది. "పోయొస్త అన్నా. మీరు మంచిగ నేర్పిండ్రు, నాకే రాలేదు" అంది. నేను అన్నం కలుపుతున్నాను. తల ఊపాను.

ఆ తరువాత కొన్నాళ్లకు పేపర్లో తిండి తీయడంతోపాటు కేజీ కూడా మార్చాలన్న వాక్యం చేరింది. ఎక్కడో వేరే కంపెనీలో చూసి వచ్చిన కొత్త సారు రాయించాడు. అందరూ ఆయన్ని మెచ్చుకున్నారు. నేను దానికి కూడా రెండేళ్లు కుళ్లుకున్నాను.

రిటైరయ్యాక మనిషికి చేతినిండా తీరికే. ఆదివారం చర్చి, మిగతా రోజులు వరండాలో కుర్చీ. నా భార్యకు ఈ సంగతి మొత్తం తెలుసు. పెళ్లయినప్పటి నుంచి నా అవమానాలన్నీ విన్న మనిషి, ఇది మాత్రం వినేటప్పుడు చేస్తున్న పని ఆపేది. ఒకరోజు అడిగింది.

"గా పిల్లకు చెప్పినవా?"

"దేవునికి చెప్పుకున్న గద. రోజు చెప్పుకుంటున్న."

"దేవుని చేతులు వణుకుతున్నయని అన్నడా మీ సారు? ఎవరిని అన్నడో వాళ్లకు చెప్పు పోయి."

ఆ పిల్ల ఎక్కడుందో కనుక్కున్నది మా జోడీ. వాళ్ల బంధువుల అమ్మాయి కండ్లకోయలో ఒక కాలేజీలో చేరితే, అక్కడ ఈ పిల్ల పాఠం చెబుతూ కనిపించిందట. నేను మూడు వారాలు ఆగి, ఒక బుధవారం బస్సెక్కాను.

గేటు దగ్గర కాలేజీ బస్సులు వరుసగా ఆగి ఉన్నాయి. చెట్టు కింద సిమెంటు బెంచీ చూపించి కూర్చోమన్నారు. ఆమె చీరలో, కళ్లద్దాలతో, చేతిలో హాజరు పుస్తకంతో వచ్చింది. దూరం నుంచే గుర్తుపట్టింది.

"అన్నా! మీరేంది గిట్లొచ్చిండ్రు? ఎవరిదన్న అడ్మిషనా?"

కాదన్నాను. ఆమె టీ చెప్పించింది. మా ఆవిడ ఎట్లుందని, కీళ్ల నొప్పులు తగ్గాయా అని అడిగింది. అవి కూడా గుర్తుపెట్టుకుంది. ఇప్పుడు పిల్లలకు ఎలుకల పని నేర్పుతున్నావా అని నేనే అడిగాను.

"ఇప్పుడు జీవాలు యాడియన్నా, అంత కంప్యూటర్ల మీదనే చూపిస్తం. నాకు గదే మంచిగైంది. నా చేతులకు జీవాలు పడవు గద." నవ్వుతూనే అంది. "మా అమ్మకు ఇన్సులిన్ సూది గూడ నేనియ్య. పక్కింట్ల నర్సమ్మ ఉంది, గామెను పిలుస్త. నా చెయ్యి యాడ వణుకుతదో అని భయం."

దారిలో ఎన్నో రకాలుగా కూర్చుకున్న మాటలన్నీ పోయాయి. పొట్టు సంగతి చెప్పాను. మొదటి పరీక్షకు కేజీలు మార్చింది నేనేనని, రెండోదానికి మార్చనిదీ నేనేనని చెప్పాను. ఆ పొద్దున ఆమె వెనక ఎలుక తవ్వుకుని తినడం చూశానని కూడా చెప్పాను. ఆమె హాజరు పుస్తకం ఒళ్లో పెట్టుకుని విన్నది. టీ తెచ్చిన అబ్బాయి రెండు గ్లాసులు బెంచీ మీద పెట్టి వెళ్లాడు.

ఆమె ఒక గ్లాసు నావైపు జరిపి అడిగింది, "నాకెందుకు చెప్పలే అన్నా?"

"నువ్వు నవ్వినవ్ బిడ్డా."

"ఎప్పుడు?"

"మీటింగ్‌ల. సారు నన్ను ఎలుకల భాష అన్నప్పుడు."

ఆమె గుర్తు తెచ్చుకోవడానికి నిజంగానే ప్రయత్నించింది. నుదురు ముడిపడింది. "మీరేదో పొట్టు అన్నట్టు యాదికుంది. నవ్వింది మాత్రం యాదికి లేదన్నా. నవ్వినేమో. సార్ జోక్ చేస్తే అందరం నవ్వేటోళ్లం. నౌకరీ గావాలె గద."

అంతే. ఆమెకు గుర్తు కూడా లేని ఆ నవ్వును నేను ఇన్నేళ్లు దాచుకున్నాను.

ఆమె తన టీ గ్లాసు చేతిలోకి తీసుకుంది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండనుకున్నాను. తిట్టలేదు.

"గా రోజు సార్ రూమ్‌ల మీరు తలుపు కాడ నిలవడ్డరు గద."

"నిలవడ్డ."

"అంతకుముందు శుక్రారం పొద్దుగాల నుంచి నా పక్కనే ఉంటిరి. నా చెయ్యి వణికిందా అన్నా?"

"లేదు బిడ్డా. ఒక్క ఎలుకకు గూడ వణకలె."

"గామాట చెప్పుంటే అయిపోవు గద" అంది. గొంతు పెంచలేదు. "పొట్టు సంగతి మీ కడుపులనే పెట్టుకుంటే పెట్టుకుందురు. నా మీద కోపం గూడ పెట్టుకుందురు. 'మేడమ్ చెయ్యి వణకలె సార్, నేను చూసిన' — గింత మాట చెప్పనీకె ఏమైతుండె? మీ నౌకరీ గూడ పోకపోవు."

గంట కొట్టారు. క్లాసుందని లేచింది. ఇంటికి జాగ్రత్తగా వెళ్లమని చెప్పింది, క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

మేడ్చల్ రోడ్డు మీద బస్సు కోసం నిలబడి ఆలోచించాను. ఇన్నేళ్లూ నా తప్పును ఎన్ని రకాలుగా తిప్పి చూసుకున్నానో లెక్కలేదు. కేజీలు మార్చి ఉంటే, ఎలుకను చూపించి ఉంటే, సారుకు నిజం చెప్పి ఉంటే. ప్రతిదానికీ అడ్డం పెట్టుకోవడానికి నా దగ్గర ఒక కారణం ఉండేది. అవమానం, పంతం, ఉద్యోగ భయం. ఆమె చెప్పిన మాటకు మాత్రం ఏ కారణమూ అడ్డం రాదు. అది నిజం. దానికి సాక్షిని నేనొక్కణ్నే. చెబితే నాకు పోయేది ఏమీ లేదు. అయినా ఆ రోజు తలుపు దగ్గర అది నాకు తట్టలేదు, ఆ తరువాత ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తట్టలేదు.

మీలో ఎవరైనా ఆమె దగ్గర చదువుకుంటూ ఉండవచ్చు. తన చేతులకు జీవాలు పడవని ఆమె మీతో కూడా అని ఉండవచ్చు. నమ్మకండి. ఆ శుక్రవారం పొద్దున ఏడున్నర నుంచి మధ్యాహ్నం దాకా ఆమె పక్కన నిలబడి అన్ని ఎలుకలనూ అందించినవాణ్ని నేను. ఆమె చేయి వణకలేదు.